ఊపిరి పడని అద్దం

కదిలే ప్రాణిలో ఊపిరిగానూ, కదలని వస్తువులో ఉనికిగానూ నిలిచి, మన చేతికి ఒక పని ఇచ్చి, ఆ పనిలోనే మన తప్పును మనకు చూపించే శ్రీమన్నారాయణుడికి ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆయనను తలచుకోకుండా నేను ఏనాడూ బండి బానెట్ ఎత్తలేదు. ఇప్పుడు కలం ఎత్తుతున్నాను కనుక ఇక్కడా అదే పద్ధతి.

మా గుడిలో సాయంత్రం స్తోత్రాలు చదివే గోష్ఠిలో నాతో కలిసి కూర్చునే యువకుల్లో ఇద్దరు ముగ్గురు కార్ల పనిలో ఉన్నారు. బండికి కంప్యూటర్ తగిలించి, తప్పు ఎక్కడుందో తెర మీద చదువుకునే కాలం వాళ్లది. నాకు సంతోషమే. అయితే తెర మీద రాని తప్పు ఒకటి నేను చేశాను. దాన్ని వాళ్లకు చాలాసార్లు నోటితో చెప్పబోయి, మధ్యలో నవ్వులాటగా మార్చి వదిలేశాను. అందుకే ఇలా రాస్తున్నాను. రాస్తే తప్పించుకోవడం కష్టం. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో కూడా ఇందులోనే ఉంది.

మాది పాతబస్తీలో, మొఘల్‌పురాకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక గల్లీ చివర ఉన్న వేణుగోపాలస్వామి గుడిలో అర్చకత్వం చేసే ఇల్లు. గుడి అన్నయ్యకు వచ్చింది. రెండోవాణ్ణయిన నాకు కార్ల కరెంటు పని వచ్చింది. కానీ ఏడేళ్ల వయసు నుంచి పదహారేళ్లు వచ్చే దాకా గుడిలో నాకు ఒక కొలువు ఉండేది. అలంకారం అయ్యాక స్వామికి అద్దం చూపిస్తారు. పూలు, గంధం, కిరీటం అన్నీ కుదిరాయో లేదో స్వామి చూసుకుంటాడని భావం. పిడి ఉన్న ఆ గుండ్రటి అద్దాన్ని తుడిచి సిద్ధంగా పెట్టడం నా వంతు. మెత్తటి మల్లు గుడ్డతో తుడవాలి. ముక్కుకు, నోటికి అడ్డంగా ఉత్తరీయం కట్టుకొని తుడవాలి.

ఒకరోజు అద్దం మీద నూనె మరక ఎంతకీ పోలేదు. చుట్టూ చూసి, గుడ్డ కిందికి లాగి, దగ్గరగా పెట్టుకొని ‘హా’ అని ఊదాను. నాన్న చేతిలోని గంటను కింద పెట్టి మరీ వచ్చి నా వీపు మీద ఒకటి వేశారు.

“నీ నోటి ఊపిరి స్వామి మొగం మీద పడ్తదిరా. అద్దం ముంగట ఊపిరి బిగబట్టు” అన్నారు.

ఆ దెబ్బ తరువాత నేను ఏ అద్దం మీదా ఊదలేదు. గడ్డం గీసుకునే అద్దం మీద కూడా. మానేశానన్న సంగతే మరిచిపోయేంతగా మానేశాను. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

నేను పని చేసిన వర్క్‌షాపు సేఠ్‌ది తరాల నుంచి ఇక్కడే ఉన్న వ్యాపార కుటుంబం. తాత ఇనుప సామాను అమ్మాడు, తండ్రి టైర్లు అమ్మాడు, ఈయన రేకుల షెడ్డు వేసి కార్లు బాగుచేయించాడు. కరెంటు పని నాది. డెంటింగ్, పెయింటింగ్ భాయ్‌ది. భాయ్ నాకన్నా రెండేళ్లు పెద్ద. ఇరవై ఎనిమిదేళ్లు పక్కపక్కనే పని చేశాం. గుడి నుంచి నేను తెచ్చే పులిహోరలో సగం ఆయనదే. ఆయన నమాజుకు వెళ్తే తడి పెయింట్ మీద దుమ్ము పడకుండా చూసే పూచీ నాది. షెడ్డులో అందరూ నన్ను పంతులు అనేవారు. ఆ పేరు మొదట పెట్టింది భాయే.

“పంతులూ, బండికి మీటర్ పెట్టినవా, మంత్రం ఏసినవా?” అని రోజుకొక్కసారైనా అడగకపోతే ఆయనకు తోచేది కాదు.

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, రోహిణీ కార్తె ఎండల్లో, ఒకాయన కారు తీసుకొని వచ్చాడు. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం. జల్‌పల్లిలో చిన్న జాగా కొని ఇల్లు కట్టుకున్నాడు. యాభై దాటి ఉంటాయి. నలభై ఏళ్ల వయసులో ఏదో జ్వరం వచ్చి తగ్గిందిగానీ, వినికిడి పూర్తిగా పోయింది. మాట మాత్రం చక్కగా ఉంది. కాకపోతే తన గొంతు తనకు వినబడదు కాబట్టి పక్కవాడితో మాట్లాడినా ఎదుటి గల్లీకి వినబడేంత గట్టిగా మాట్లాడతాడు. మనం చెప్పేది కాగితం మీద రాసి చూపించాలి.

కారు ఏదో విదేశీ కంపెనీది, సెకండ్ హ్యాండ్. మార్కెట్ గల్లీలో ట్రాలీ ఆటో ఒకటి రాసుకుపోయి కుడివైపు అద్దం పగిలింది. దాని గూడు బాగానే ఉంది, గాజు మాత్రమే పోయింది. ఆ గాజు మామూలుది కాదు, వేడెక్కేది. వెనకాల ఒక పలుచటి పొర అంటించి ఉంటుంది. స్విచ్చి నొక్కితే ఆ పొరలోని సన్నటి తీగలు వేడెక్కి, అద్దం మీద పట్టిన మంచు, ఆవిరి పోతాయి. మన హైదరాబాదులో ఆ స్విచ్చి ఉన్నవాళ్లకు కూడా అది ఎందుకుందో తెలియదు. ఈయనకు తెలుసు.

“అన్నా, నాకు హారన్ వినొస్తలేదు. నా చెవులు రెండూ గీ అద్దాలే. పొద్దుగాల ఆరింటి షిఫ్టు. వానకాలం, చలికాలం మా చెరువు దిక్కు నుంచి మంచు లేస్తది. గా వేడి లేకుంటే నేను గుడ్డోన్ని గూడ అయిత” అన్నాడు. షెడ్డులో అందరూ తలలు తిప్పి చూశారు.

ఒరిజినల్ గాజు తెప్పిస్తే నాలుగు రోజులు పడుతుంది. నాలుగు రోజులు ఆగుతానని ఆయనే అన్నాడు. ఆగనిది నేనే. పగిలిన గాజు వెనక నుంచి ఆ పొరను ఊడదీసి, అద్దాలు కోసేవాడితో అదే కొలతకు మామూలు అద్దం కోయించి, దానికి ఈ పొరను అంటించే విద్య ఒకటి నా దగ్గర ఉండేది. ఊరు మొత్తంలో ఆ పని నాకు ఒక్కడికే వచ్చునని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని పదిమందికి చూపించే అవకాశం వస్తే నాలుగు రోజులు ఎవరు ఆగుతారు? థిన్నర్ పోసి, బ్లేడుతో అంచు లేపి, గంటసేపు తపస్సులాగా కూర్చొని ఊడదీశాను. కొత్త అద్దానికి అంటించాను. గూట్లో పెట్టి రెండు వైర్లూ తగిలించాను. స్విచ్చి వేసి, అయిదు నిమిషాలాగి, అద్దం మీద అరచెయ్యి పెట్టి చూశాను.

కాలింది.

“చూసినవా భాయ్, పెనం లెక్క కాలుతుంది” అన్నాను. చేసిన పని రాసే జాబ్ కార్డు మీద ‘అద్దం వేడి – ఓకే’ అని రాసి సంతకం పెట్టాను.

మిట్టమధ్యాహ్నం, రోహిణీ కార్తె, గంట నుంచి ఎండలో నిలబడిన కారు. ఆ రోజు మా షెడ్డులో ఏ వస్తువు మీద చెయ్యి పెట్టినా కాలేది. రేకు తలుపు కాలేది, స్పానర్లు కాలేవి. అద్దం కాలకపోతే ఆశ్చర్యపోవాలి. ఇన్నేళ్లు పని చేసినవాడికి ఆ మాత్రం తట్టలేదు.

వానలు మొదలయ్యాక ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి పక్కన భార్య కూడా ఉంది. ఆమె పక్కన కూర్చుంటే, వెనక హారన్ వినబడినప్పుడల్లా ఆయన భుజం తడుతుందట. కానీ రోజూ డ్యూటీకి ఆమె వెంట వెళ్లలేదు కదా. మూడు రోజుల కింద, సన్నటి తుంపరలో, డ్యూటీకి పోతూ కుడివైపు మలుపు తీసుకున్నాడు. వెనక నుంచి స్కూటీ మీద ఒక అమ్మాయి వస్తోంది. అద్దంలో ఆయనకు ఏమీ కనబడలేదు. ఆ అమ్మాయి కింద పడింది. మణికట్టు విరిగింది. ఆయనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

“ఎడమ అద్దం తేట అయితుంది అన్నా. వెనక గ్లాసు తేట అయితుంది. కుడిదే పొగ పట్టినట్టు ఉంటుంది” అన్నాడు.

తప్పు ఎక్కడుందో అంతకన్నా స్పష్టంగా చెప్పేవాడు దొరకడు. అయినా నేను అద్దం విప్పలేదు. అంటించిన చేతులు నావి కదా. గూట్లోకి వచ్చే వైర్లకు మీటర్ పెట్టి చూశాను. పన్నెండు వోల్టులు వస్తున్నాయి. వాన వెలిసి ఎండ కాస్తోంది. అరచెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగిలింది. కరెంటు వస్తోంది, వేడి ఉంది, ఇంకేం కావాలి? కుడివైపు నుంచి బళ్లు నీళ్లు చిమ్ముకుంటూ పోతాయి, అందుకే అలా కనబడి ఉంటుందని జాబ్ కార్డు మీద రాసి చూపించాను.

ఆయన అది చదివి, నా చేతిలోని పెన్ను తీసుకొని, అదే జాబ్ కార్డు వెనక ఒక ముక్క రాసి ఇచ్చాడు. నోటితో చెప్పగలిగినవాడు. భార్యకు వినబడకూడదని రాశాడని నాకు తరువాత అర్థమైంది.

‘అన్నా, నిజం చెప్పు. తప్పు అద్దందా, నా కండ్లదా?’

దాని కింద నేను రాశాను: ‘అద్దం ఓకే.’

రెండే మాటలు. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాకు నమస్కారం కూడా పెట్టి వెళ్లాడు.

పన్నెండు రోజుల తరువాత భార్య ఒక్కతే వచ్చింది. కారును ఎవరో బంధువు నడిపి తెచ్చి షెడ్డు ముందు పెట్టి పోయాడు. ఆమె తాళం చెవి తీసి సేఠ్ టేబుల్ మీద పెట్టింది.

“సేఠూ, గీ బండిని అమ్మిపెట్టుండ్రి. మంచిగ కడిగి, గీతలు గిట్ల ఉంటే సాపు జేసి అమ్ముండ్రి” అంది.

సేఠ్ నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, “ఎందుకమ్మా, బండి మంచిగనే ఉంది గదా?” అన్నాను.

“బండి మంచిగనే ఉందన్నా. మీరే రాసిచ్చిండ్రు గద. మంచిగ లేనిది నా మనిషే” అంది. కోపం లేదు ఆ గొంతులో. “గా కాయితం చూపిచ్చి తాళం చెవి నా చేతుల పెట్టిండు. చెవులు పోయినయ్, ఇప్పుడు కండ్లు గూడ పోతున్నయ్, ఇంకొక పోరి మీదికి ఎక్కియ్యకముందే ఇడిసిపెడ్త అన్నడు. చెవులు పోయిన నాడు గూడ గంతగనం కుంగలే. బండి నడిపేటప్పుడే గదన్నా, పదిమందిల ఒకడి లెక్క ఉండేటోడు.”

ఆమె బస్సెక్కడానికి వెళ్లిపోయింది. అప్పటికి కూడా నాకు జాలి వేసిందే తప్ప అనుమానం రాలేదు. పాపం, కళ్లు మందగిస్తున్నాయి కాబోలు అనుకున్నాను. జాలి పడటం ఎంత సుఖమైన పనో అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున తెల్లవారుజాము నుంచీ వాన. షెడ్డు చల్లగా ఉంది. అమ్మకానికి పెట్టే బండి కాబట్టి నేను లోపల కూర్చొని స్విచ్చులన్నీ ఒక్కొక్కటి వేసి చూస్తున్నాను. లైట్లు, వైపర్లు, అద్దాల వేడి. భాయ్ బయట గుడ్డ పట్టుకొని తుడుస్తున్నాడు. పెయింటర్లకు ఒక అలవాటు ఉంటుంది. మరక తేలాలంటే దగ్గరగా వంగి ‘హా’ అని ఊది, ఆ ఆవిరి మీద గుడ్డ తిప్పుతారు. భాయ్ ఎడమ అద్దం మీద ఊదాడు. గుడ్డ పెట్టేలోపే ఆవిరి మాయమైంది. మళ్లీ ఊదాడు. మళ్లీ మాయం. ఈ వైపుకు వచ్చి, నా మొహం పక్కనే, కుడి అద్దం మీద ఊదాడు.

ఆవిరి అలాగే ఉంది. ఆయన ఊదిన గుండ్రటి మచ్చ, నా కళ్ల ముందు, కదలకుండా కూర్చుంది.

“పంతులూ, యే దేఖో” అన్నాడు భాయ్. “గది సెకండ్ల పోతుంది. గిది పోతలేదు. నువ్వు గీ అద్దం చెక్ జేసినవన్నవ్ గదా, ఎట్ల జేసినవ్?”

“చెయ్యి పెట్టి.”

“చెయ్యి పెట్టి?” ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. “అరె, వేడి అద్దం ఉన్నదే ఆవిరికి గద పంతులూ. ఊది చూడలే?”

ఊది చూడలేదు. చిన్న పిల్లవాడు కూడా అద్దం కనబడితే ముందు ఊది చూస్తాడు. ఇన్నేళ్లుగా నా నోరు అద్దం దగ్గరికి పోయినప్పుడల్లా దానంతట అదే మూసుకునేది. దాన్ని నేను శుచి అనుకున్నాను.

అద్దం విప్పాను. వెనక పొర మీద ఉన్న రెండు కొసలకూ మీటర్ పెట్టాను. ముల్లు కదల్లేదు. మూల దగ్గర, నా బ్లేడు మొదట లేపిన చోట, వెంట్రుకంత చీలిక. అక్కడ తీగ తెగి ఉంది. వైర్ల దాకా పన్నెండు వోల్టులూ వచ్చి, ఆ చీలిక దగ్గర ఆగిపోయాయి. రోహిణీ కార్తె నుంచి ఆ అద్దం ఒక్కసారి కూడా వేడెక్కలేదు.

భాయ్ నా పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చొని, తన గుడ్డతో నా చేతికి అంటిన జిగురు తుడిచాడు.

సేఠ్‌కు చెప్పాను. ఆయన లెక్క ఆయనది. “బేరం శుక్రవారం వస్తుంది. కొత్త అద్దం తెప్పిచ్చి ఎయ్యి, అమ్మేద్దాం. వాళ్లేమన్న అడిగిండ్రా? లేదు గద. ఇప్పుడు పోయి చెప్తే లొల్లి. గా పోరి చెయ్యి గూడ మన మీదికొస్తది” అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఒరిజినల్ గాజుకు ఆర్డర్ పెట్టాను. అది రావడానికి మూడు రోజులు. గాజు రానీ, చేతిలో గాజు పెట్టుకొని పోయి చెబుతాను అనుకున్నాను. మంచి సాకు. మనిషికి చెప్పడానికి గాజు ఎందుకు?

రోజూ సాయంత్రం మా గుడిలో గోష్ఠి ఉంటుంది. చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసినవన్నీ అందరం కలిసి చదువుతాం. చివర, రాత్రింబవళ్లు నేను చేసే వేల అపరాధాలను మన్నించు స్వామీ అని వేడుకునే శ్లోకం. ఆ మొదటి రోజు సాయంత్రం కూడా చదివాను. రెండో రోజు కూడా చదివాను. నా గొంతు గోష్ఠిలో పెద్దది. మూడో రోజు అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. వేల అపరాధాలు ఒప్పుకోవడం నాకు ఎంత అలవాటంటే, అందులో ఒక్కటి కూడా ఎవరికి చేశానో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఒక్కటి ఉంది. దానికి ఇల్లుంది, జల్‌పల్లిలో. దానికి పేరుంది. దాన్ని ఒప్పుకోవలసింది గర్భగుడి ముందు కాదు.

గోష్ఠిలో నా వెనక వరసలో సేఠ్ కూడా కూర్చుంటాడు. బయట చెప్పులు వేసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఇయ్యాల నీ గొంతు వినవడలే పంతులూ” అన్నాడు.

“లేదు సేఠూ.”

కాసేపు చెప్పు బకిల్‌తో తంటాలు పడ్డాడు. తరువాత జేబులోంచి ఆ కారు తాళం చెవి తీసి ఇచ్చాడు. “తీస్కపో. బేరం పోతే పోనీ. శ్లోకం నేను గూడ సదువుతున్న గద.”

గాజు ఆ మధ్యాహ్నమే వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు బిగించాను. పొద్దున స్నానం, సంధ్య ముగించుకొని, చీకటి విడుస్తుండగా బయలుదేరాను. చెరువు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పినట్టే తెల్లగా మంచు లేచి ఉంది. స్విచ్చి నొక్కాను. కుడి అద్దం నడుమ నుంచి అంచులకు తేటపడుతూ పోయింది. వెనక పాల బండి ఒకటి వస్తోంది. నాకు దాని హారన్ కూడా వినబడింది. హారన్ వినబడటం ఎంత పెద్ద వరమో ఆ రోజు దాకా నాకు తెలియదు.

వాళ్ల కాలనీలో సగం ఇళ్లు కట్టినవి, సగం పునాదుల మీద ఆగినవి. ఆయన గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకొని, షేర్ ఆటో కోసం మెయిన్ రోడ్డుకు నడవబోతున్నాడు. తన కారే తన ఎదురుగా వచ్చి ఆగేసరికి నిలబడిపోయాడు.

“అమ్ముడువోలేదా అన్నా?” అన్నాడు, ఆ పెద్ద గొంతుతో.

దారి పొడుగునా ఎన్నో మాటలు అనుకున్నాను. పొర పాతది, తీగ సన్నది, ఎండాకాలం, ఇలాంటివి. చెవులు వినబడే మనిషి అయితే ఆ మాటలన్నీ చెప్పి, నడుమ ఎక్కడో ‘పొరపాటు’ అని గొణిగి బయటపడేవాణ్ణి. ఈయనకు రాసి ఇవ్వాలి. ఇంటి దగ్గర జాబ్ కార్డు మీద నాలుగుసార్లు రాసి చించాను. అయిదోది జేబులో ఉంది. ఇచ్చాను.

ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకొని చదివాడు. మనసులో కాదు. పైకి, గట్టిగా.

“తప్పు నీ కండ్లది కాదు. అద్దానిది. అద్దం చెడగొట్టింది నేను. చూడకుండా ఓకే అని రాసింది నేను.”

నేను గుట్టుగా రాసి ఇచ్చిన నా తప్పును కాలనీ మొత్తం వింది. ఎదురింట్లో ముగ్గు వేస్తున్నామె చెయ్యి ఆపి చూసింది. పక్క మేడ మీద ఎవరో తొంగిచూశారు. స్వామి ముందు ఇన్నేళ్లు సంస్కృతంలో ఒప్పుకుంటే ఎవరూ తల తిప్పలేదు.

భార్య గేటు దాకా వచ్చింది. “మల్ల సదువు” అంది ఆయనకు వినబడదని మరిచిపోయి. తరువాత భుజం తట్టి కాగితం చూపించింది. ఆయన మళ్లీ చదివాడు, అంతే గట్టిగా. ఈసారి ‘నీ కండ్లది కాదు’ అన్న ముక్కను రెండుసార్లు చదివాడు.

“పదిహేను దినాలన్నా” అంది ఆమె నాతో. “పదిహేను దినాలు నా మనిషి మొగం ఎత్తలే. గా పోరి ఇంటికి రోజు పోయి గుమ్మం కాడ నిలవడి వస్తుండు. నా కండ్లు నా కండ్లు అనుకుంట. మీరు గా రెండు మాటలు రాసేటప్పుడు జర ఆగిచూస్తే ఏం పోయేది?”

“ఏం పోయేది కాదమ్మా.”

“ఇప్పుడు మంచిగైందని మల్ల రాసిస్తే ఎట్ల నమ్మాలె?”

నమ్మవద్దు. ఆ మాటే అన్నాను. కారు స్టార్ట్ చేసి, స్విచ్చి వేసి, ఇద్దర్నీ కుడి అద్దం దగ్గరికి రమ్మన్నాను. భుజం మీద కండువా ఉంది. చెయ్యి అలవాటుగా దాన్ని ముక్కు దగ్గరికి తెస్తోంది. దాన్ని తీసి కారు పైన పెట్టాను. వంగి, దగ్గరగా, యాభై ఏళ్లకు పైగా అయిన తరువాత, ఒక అద్దం మీద ‘హా’ అని ఊదాను.

అద్దం తెల్లబడింది. మేం ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. నడుమ చిన్న చుక్క తేటపడింది. చుక్క పెద్దదైంది. అందులో ముందు ఆయన మొహం వచ్చింది, తరువాత ఆయన వెనక ఆమె మొహం వచ్చింది. నాది ఒక అంచున ఉంది.

ఆమె నన్ను పక్కకు జరగమని, తనూ ఊది చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎడమ అద్దం దగ్గరికి పోయి అక్కడా ఊది లెక్కపెట్టింది. మళ్లీ ఇటు వచ్చి ఇంకోసారి ఊదింది. ఆమె చేసినంత పరీక్ష నేను రెండుసార్లూ కలిపి చేయలేదు. అప్పుడు నా ముందుకు చెయ్యి చాచింది. తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కాసేపు గుప్పిట్లోనే ఉంచుకొని, ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా తను తీసుకొని, ఆ చేతిలో తాళం చెవి పెట్టింది.

నాకు చాయ్ ఇవ్వలేదు. కూర్చోమని అనలేదు. అది న్యాయమే.

ఆ సాయంత్రం ఆయనతో కలిసి ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆమె ముందూ చెప్పాను. ఆమె కోపగించుకోలేదు, కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకొని, “నేను హారన్ కొడుతూనే ఉన్న అంకుల్” అంది అంతే. కట్టు విప్పాక చెయ్యి మునుపటిలా తిరగడానికి చాలా రోజులు పట్టింది.

మర్నాటి సాయంత్రం గోష్ఠిలో మళ్లీ చదివాను. కొంచెం మెల్లగా చదివాను.

రిటైరయ్యాక అన్నయ్యకు మోకాళ్లు సహకరించక, గుడిలో నా పాత కొలువు మళ్లీ నాకు వచ్చింది. ముక్కుకు ఉత్తరీయం కట్టుకొని, ఊపిరి బిగబట్టి, స్వామి అద్దం తుడుస్తున్నాను. నాన్న చెప్పినదాంట్లో తప్పు లేదు. స్వామి అద్దం మీద నా ఊపిరి పడకూడదు. కానీ స్వామి ఇంకా చాలా అద్దాల్లో తన పిల్లల్ని చూసుకుంటున్నాడు. వాటిలో కొన్ని రోడ్డు మీద తిరుగుతుంటాయి. వాటి దగ్గరికి వచ్చినప్పుడు వంగాలి, ఊదాలి, ఆగి చూడాలి.

పనిలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఓకే అని రాసే ముందు నాకోసం ఒక్క క్షణం ఆగండి. మీరు ఏ పేరుతో పిలిచినా సరే, ఆ దేవుణ్ణి నాతో కలిసి వేడుకోండి. స్వామీ, వినబడని వాళ్లకు వెనక వచ్చేది కనబడనివ్వు. ఆ అమ్మాయి మణికట్టులో నా తప్పు మిగిల్చిన నొప్పి ఏదైనా ఉంటే తీసెయ్యి. మేం చేసిన తప్పు మనిషికి చెప్పవలసినదైతే, నీ గుడి మెట్లు ఎక్కకముందే మమ్మల్ని ఆ మనిషి గడపకు పంపు.